నలభై నిమిషాలు ఆలస్యంగా మోగిన సైరన్

(ఇది ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల రాత. లెక్కలు మాత్రం చూసి చదువుకోవడానికి వీలుగా కొంచెం సర్దాను.)

డ్యూటీ నుంచి వచ్చి, వంట అయ్యి, మంచం మీద వాలి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నవాళ్లకు ముందే చెబుతున్నాను, ఈసారి కొంచెం లెక్కలుంటాయి. "అన్నా, ఐటీఐ సర్టిఫికెట్ గల్ఫ్‌ల దేనికి పనికొస్తది? పెట్టెల పెట్టి తాళం వేసుడేనా?" అని ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. దానికి సలహా ఇచ్చేంత పెద్దోణ్ణి కాదు నేను. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఆ సర్టిఫికెట్‌లో ఉన్న చదువు గుర్తుంటే ఆ తప్పు జరిగేది కాదు. ఆ చదువే మళ్లీ గుర్తు చేసుకుని దాన్ని దిద్దుకున్నాను.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్. ఇక్కడ చేసేది స్లాబులు పోయించే పని. రెండింటికీ సంబంధం లేదనే నేనూ అనుకున్నాను.

ఆ రోజు ఏమైంది

యూఏఈలో రూలు మీకు తెలుసు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. మా సైట్‌లో ఆ టైంకు సైరన్ మోగేది. పైన స్లాబ్ మీద ఫోన్లు పట్టుకోనివ్వరు. పట్టుకున్నా సరే, సైరన్ మోగకముందే కిందికి దిగితే ఫోర్‌మన్ మొహం ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. అందరి చెవులూ ఆ సైరన్ మీదే ఉంటాయి.

ఆ సైరన్‌ను నడిపే టైమర్ పాతకాలం నాటిది. స్టోర్‌లో తుక్కులో పడి ఉంటే నేనే తెచ్చి బాగు చేశాను. అందులో కంప్యూటర్ చిప్ ఏమీ లేదు. 4060 అనే ఐసీ, ఒక వాచీ క్రిస్టల్, లెక్కపెట్టే ఐసీలు కొన్ని, కరెంటు పోతే ఆదుకోవడానికి ఒక చిన్న బ్యాటరీ. క్రిస్టల్ పక్కన ఉన్న 10 మెగా ఓమ్ రెసిస్టర్ కాలు విరిగిపోయింది. నా డబ్బాలో 10 మెగా లేదు, 1 మెగా ఉంది. అతికించాను. టైమర్ నడిచింది. రెండు నెలలు సెకను తేడా పెద్దగా లేకుండా నడిచింది. "సూపర్‌వైజర్ సాబ్ ఇంజనీర్" అని స్టోర్‌కీపర్ టీ తాగించాడు కూడా.

ఆగస్టులో ఒక రోజు సైరన్ 12:30కి మోగలేదు. నేను అవతలి బ్లాక్‌లో ఉన్నాను. మోగింది 1:10కి. ఆ నలభై నిమిషాలు స్టీలు కట్టే టీమ్ నడినెత్తి ఎండలో ఉంది. దిగేటప్పుడు మెట్ల దగ్గర జగిత్యాల వైపు తమ్ముడొకడు కూలబడ్డాడు. నీడలోకి మోసుకెళ్లాం, తడి గుడ్డలు కప్పాం, క్లినిక్‌కు తీసుకెళ్లాం. సాయంత్రానికి తేరుకున్నాడు. "గంట మోగలే గదా అన్నా, మోగుతదని చూసిన" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

సేఫ్టీ మీటింగులో ముందు ఎలక్ట్రీషియన్ హెల్పర్ మీదికి వెళ్లింది మాట. కొత్త పిల్లవాడు, ఏం ముట్టుకున్నాడో అని. నేను లేచి, "టైమర్ బాగు చేసింది నేను, ఆ పిల్లగాని చెయ్యి దాని మీద పడలేదు" అని చెప్పాను. తర్వాత ఆ టైమర్‌ను రూముకు తెచ్చుకుని కూర్చున్నాను.

లెక్క ఎక్కడ తప్పింది

మొదట వేడి అనుకున్నాను. వాచీ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడుస్తుంది. అక్కడి నుంచి అటు పోయినా ఇటు పోయినా నెమ్మదిస్తుంది. ఎంత అంటే, డిగ్రీల తేడాను దానితోనే గుణించి, 0.034తో గుణిస్తే, పది లక్షల్లో అన్ని వంతులు. పెట్టె లోపల 65 డిగ్రీలు అనుకుందాం. తేడా 40. నలభై నలభైలు 1600, దాన్ని 0.034తో గుణిస్తే సుమారు 54. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, రోజుకు 4.7 సెకన్లు వెనకబడుతుంది. నలభై నిమిషాలు, అంటే 2400 సెకన్లు వెనకబడాలంటే 500 రోజులకు పైగా కావాలి. ముందురోజు సాయంత్రమే నా ఫోన్ చూసి టైం సరిపోల్చాను. కాబట్టి వేడి కాదు.

ఇంకో సంగతి. నలభై నిమిషాలు వెనకబడ్డ గడియారం ఆ తర్వాత సరిగ్గానే నడుస్తోంది. నెమ్మదిగా నడవడం వేరు, ఆగి మళ్లీ మొదలవడం వేరు. ఇది ఎక్కడో నలభై నిమిషాలు ఆగి, ఎవరూ ముట్టుకోకుండానే మళ్లీ లేచింది.

ఎప్పుడు ఆగింది? స్టోర్‌కీపర్‌ను అడిగితే తెలిసింది. ఆ తెల్లవారుజామున సామాన్లు దించడానికి పోర్టా క్యాబిన్ తలుపు బార్లా తెరిచి పెట్టారట. రాత్రంతా ఏసీలో చల్లబడ్డ పెట్టె. బయట ఆగస్టు ఉక్క. చల్లటి వాటర్ బాటిల్ బయట పెడితే చుట్టూ నీళ్లు పట్టినట్టు, బోర్డు మీద తేమ పట్టింది. తలుపు మూసి ఏసీ నడిచాక ఆరింది. ఆరగానే గడియారం లేచింది.

రూములో పరీక్ష చేశాను. మూత తీసి, అద్దం తుడిచేటప్పుడు ఊదినట్టు బోర్డు మీద ఆవిరి ఊదాను. ఆగిపోయింది. అర నిమిషం తర్వాత దానంతట అదే మొదలైంది. దొరికింది.

ఇది చూసేటప్పుడు ఒక జాగ్రత్త. మీటర్ పుల్లను గానీ స్కోప్ ప్రోబ్‌ను గానీ క్రిస్టల్ కాళ్ల మీద పెట్టకండి. ప్రోబ్ కూడా ఒక భారమే, దాని వల్లే ఆగిపోవచ్చు. 4060లో 3వ కాలు మీద చూడండి. 32,768 సార్లు ఊగేదాన్ని 16,384తో భాగించి, సెకనుకు రెండు దెబ్బలుగా అక్కడ ఇస్తుంది. ఒక ఎల్‌ఈడీ పెట్టినా కంటికి కనబడుతుంది.

బడి గంట

ఇప్పుడు అసలు విషయం. ఆ రెసిస్టర్ ఏం చేస్తుంది? 10 ఉన్నచోట 1 పెడితే ఎందుకు బలహీనమైంది?

ఊళ్లో మన సర్కారు బడి గంట గుర్తు చేసుకోండి. చాలా బళ్లలో అది గంట కాదు, చెట్టుకో వసారా దూలానికో తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఇనుప కడ్డీతో కొడితే "ఠంగ్‌గ్‌గ్" అని చాలాసేపు మోగేది. మనలో ఒక కోతి వెళ్లి దాన్ని చేత్తో పట్టుకుంటే "టప్" అని చచ్చిపోయేది. ఇనుము అదే, దెబ్బ అదే. పట్టుకున్న చెయ్యి శక్తిని తాగేసింది.

ఆ మోగే గుణానికి లెక్క పెట్టిన పేరే క్వాలిటీ ఫ్యాక్టర్, మన ఐటీఐ పుస్తకంలో "క్యూ". ఒక్క ఊపులో పోయే శక్తితో పోలిస్తే లోపల దాచుకున్న శక్తి ఎంత అన్నది అది. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, ఒకసారి కొట్టి వదిలేస్తే, క్యూ ఎంతో అన్ని ఊపులు ఊగేసరికి ఊపు మొదట్లో ఉన్నదాంట్లో సుమారు 4 శాతానికి పడిపోతుంది. వాచీ క్రిస్టల్ క్యూ పదివేలల్లో ఉంటుంది. మామూలు కాయిల్, కెపాసిటర్ జతకు యాభై, వంద అంతే.

అయితే గంటను గాల్లో నిలబెట్టలేం కదా, ఏదో ఒక తీగతో వేలాడదీయాలి. ఆ తీగే బయాస్ రెసిస్టర్. ఐసీ లోపలి ఇన్వర్టర్‌ గానీ ట్రాన్సిస్టర్ గానీ క్రిస్టల్‌కు ప్రతి ఊపుకూ చిన్న తోపు ఇవ్వాలంటే, అది ఒక సరైన వోల్టేజీ దగ్గర కూర్చుని ఉండాలి. 4060లో 10వ కాలికీ 11వ కాలికీ మధ్య ఉన్న రెసిస్టర్ ఆ పనే చేస్తుంది. అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు తాడు కట్టినట్టు, ఇన్వర్టర్‌ను సప్లైలో సగం దగ్గర నిలబెడుతుంది. సీమాస్ ఇన్‌పుట్ దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి 10 మెగా అంత సన్నటి తీగ చాలు. నేను సన్నటి తీగ ఉన్నచోట మోకు కట్టాను. గంట మోగింది, నిజమే. కానీ సగం చచ్చి మోగింది.

కొంచెం అంకెలు

32.768 కిలోహెర్ట్జ్ వాచీ క్రిస్టల్ సొంత నష్టం సుమారు 35 కిలో ఓమ్‌లు అనుకుందాం. లోపలి కెపాసిటెన్స్ పికో ఫారడ్‌లో వెయ్యిలో మూడు వంతులు. ఈ రెండింటితో క్యూ 46,000 వస్తుంది. అంటే కొట్టి వదిలేస్తే దాదాపు ఒకటిన్నర సెకను మోగే గంట.

దానికి రెండు వైపులా 22 పికో ఫారడ్ కెపాసిటర్లు, తీగల దగ్గరి చిల్లర కెపాసిటెన్స్ కలిపితే క్రిస్టల్‌కు సుమారు 12.5 పికో ఫారడ్ లోడ్. ఆ ఫ్రీక్వెన్సీలో దాని రియాక్టెన్స్ 389 కిలో ఓమ్‌లు. క్రిస్టల్‌కు అడ్డంగా పడ్డ రెసిస్టర్, క్రిస్టల్ లోపల వరుసగా పెట్టిన నష్టంలా కనబడుతుంది. పెద్ద రెసిస్టర్లకు లెక్క సులువు: 389 కిలోను దానితోనే గుణించి రెసిస్టర్‌తో భాగించాలి.

10 మెగా పెడితే 15 కిలో ఓమ్‌లు కలుస్తాయి. 35కు 15 కలిపి 50. క్యూ 46,000 నుంచి 32,000కు దిగింది. పర్వాలేదు.

1 మెగా పెడితే, ఆ పక్కనున్న కెపాసిటర్‌తో కలిపి సరిగ్గా కడితే, 130 కిలో ఓమ్‌ల దాకా కలుస్తాయి. మొత్తం 165. క్యూ పదివేల కిందికి వచ్చింది. క్రిస్టల్ సొంత నష్టం కంటే నేను పెట్టిన రెసిస్టర్ నష్టమే నాలుగింతలు! ఇన్వర్టర్ ప్రతి ఊపుకూ ఇచ్చే తోపు ఈ నష్టాన్ని మించితేనే ఊగుడు నిలబడుతుంది. ఏసీలో, పొడిగా ఉన్నంతకాలం మించింది. కాబట్టే రెండు నెలలు నడిచింది. దాని మీద తేమ వచ్చి పడింది. తేమ కూడా ఒక రెసిస్టరే. అది కూడా 1 మెగా అనుకుంటే, రెండూ కలిసి అర మెగా. నష్టం 220 కిలో ఓమ్‌లు దాటింది. తోపు చాలలేదు, ఆగిపోయింది.

అక్కడ 10 మెగానే ఉండి ఉంటే? అదే తేమతో కలిస్తే 9 లక్షల ఓమ్‌లు. అంటే నేను పాడుచేసిన సర్క్యూట్ పొడి రోజున ఎట్లా ఉందో, మంచి సర్క్యూట్ తడి రోజున అట్లా ఉండేది. నడిచేది. డిజైన్ చేసినవాడు వానాకాలం కోసం దాచిపెట్టిన గింజలను నేను ఎండాకాలంలోనే తినేశాను.

ఆ బోర్డులో వరుసగా ఇంకో రెసిస్టర్ కూడా ఉంది, దాన్ని ఈ లెక్కలో వదిలేశాను. కాబట్టి అంకెలు సుమారుగా తీసుకోండి. దారి మాత్రం అదే.

పెద్దది పెట్టినా సరిపోలేదు

మరునాడు దేరా వెళ్లి 10 మెగా తెచ్చి పెట్టాను. ఊదాను. కాసేపు ఓర్చుకుంది, మళ్లీ ఆగిపోయింది! అప్పుడు నిజంగా సిగ్గేసింది. ఎందుకంటే రెండో తప్పు కూడా నాదే. రెసిస్టర్ అతికించినప్పుడు సోల్డర్ ఫ్లక్స్ జిడ్డు తుడవలేదు. ఆ జిడ్డు మీద సైట్ సిమెంటు దుమ్ము, దాని మీద తేమ. కరెంటుకు కాలిబాట పడింది.

పెద్ద రెసిస్టర్‌తో ఉన్న చిక్కే ఇది. సన్నటి తీగతో వేలాడే గంటను గాలి కూడా కదిపేస్తుంది. ఇన్‌పుట్ కాలి నుంచి గ్రౌండ్‌కు 1 మెగా లీకేజీ ఏర్పడితే, 10 మెగా బయాస్ ఆ కాలిని సగం వోల్టేజీ దగ్గర పట్టి ఉంచలేదు, కిందికి జారిపోతుంది. కాబట్టి చిన్నది పెడితే క్యూ పోతుంది, పెద్దది పెట్టి శుభ్రం చేయకపోతే బయాస్ పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడిగాను, ఆరబెట్టాను, పైన బోర్డులకు కొట్టే వార్నిష్ స్ప్రే కొట్టాను. తర్వాత ఎంత ఊదినా ఆగలేదు. రూములోవాళ్లందరూ వంతులవారీగా ఊదారు.

ట్రాన్సిస్టర్ సర్క్యూట్‌లో

ఐటీఐలో కోల్పిట్స్ ఆసిలేటర్ కట్టినవాళ్లకు ఇంకో ముక్క. బేస్‌కు బయాస్ ఇచ్చే రెండు రెసిస్టర్లుంటాయి, ఒకటి పైన సప్లైకి, ఒకటి కింద గ్రౌండ్‌కు. ఊగే సిగ్నల్‌కు సప్లై, గ్రౌండ్ రెండూ ఒకటే. అందుకని ఆ రెండు రెసిస్టర్లూ పక్కపక్కన పెట్టినట్టే లెక్క. బేస్‌ను కెపాసిటర్‌తో కాయిల్ వేడి కొసకు, అంటే సిగ్నల్ ఎక్కువగా ఉన్న కొసకు కలిపితే, ఆ రెండూ కాయిల్ మీద పడతాయి.

1 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మైక్రో హెన్రీ కాయిల్ తీసుకోండి. రియాక్టెన్స్ 628 ఓమ్‌లు. క్యూ 100 అయితే దాని పక్కన 62.8 కిలో ఓమ్‌ల నష్టం ఉన్నట్టు. బయాస్‌కు రెండు 47 కిలోలు పెడితే కలిపి 23.5 కిలో. మొత్తం 17 కిలో. క్యూ వంద నుంచి 27కు పడింది. రెండు 220 కిలోలు పెడితే కలిపి 110, మొత్తం 40 కిలో, క్యూ 64. ట్రాన్సిస్టర్ సొంత భారం ఇంకా కలుస్తుంది, అది వేరే.

మరి 2.2 మెగాలు పెడదామా? ట్రాన్సిస్టర్ గెయిన్ 100, కలెక్టర్ కరెంటు 1 మిల్లీ ఆంప్ అయితే బేస్‌కు 10 మైక్రో ఆంప్స్ కావాలి. రెండు 2.2 మెగాలు కలిపి 1.1 మెగా. అందులోంచి 10 మైక్రో ఆంప్స్ లాగితే 11 వోల్టులు అక్కడే పోవాలి. మీ బ్యాటరీ 9 వోల్టులు. పని జరగదు. సీమాస్‌కు చెల్లిన సన్నటి తీగ ఇక్కడ చెల్లదు.

క్యూ పడిపోతే పోయేదేంటి అంటే, నిలకడ. సర్క్యూట్‌లో వేడికో వోల్టేజీకో ఫేజ్ ఒక్క డిగ్రీ జరిగితే, ఫ్రీక్వెన్సీ ఎంత జరుగుతుందనేది క్యూకు తలకిందులుగా ఉంటుంది. క్యూ 46,000 ఉంటే పది లక్షల్లో 0.2 వంతు. క్యూ 50 ఉంటే పది లక్షల్లో 175 వంతులు. సన్నగా మోగే గంట తన స్వరాన్ని తాను పట్టుకుంటుంది. మొద్దుబారిన గంట ఎవరు నెడితే అటు పోతుంది.

దీనికి పాత రేడియోవాళ్లు ఒక చక్కటి దారి చూపించారు. బయాస్‌ను కాయిల్ వేడి కొసకు ఇవ్వకుండా, చల్లటి కొసకు ఇవ్వండి. ఆ కొసను కెపాసిటర్‌తో గ్రౌండ్ చేయండి. డీసీ కాయిల్ గుండానే బేస్‌కు చేరుతుంది, కానీ ఆ కొసలో సిగ్నల్ లేదు కాబట్టి రెసిస్టర్లు తాగడానికి ఏమీ దొరకదు. అప్పుడు 47 కిలోలు పెట్టినా భయం లేదు.

పైపు గంట

టైమర్ మళ్లీ సైట్‌కు వెళ్లింది. కానీ ఈసారి దాని మాటే వేదం కాదని సేఫ్టీ ఆఫీసర్‌తో మాట్లాడి ఒప్పించాను. ప్రతి స్లాబ్ మీద ఒక స్కాఫోల్డింగ్ పైపు ముక్క వేలాడదీశాం. ప్రతి టీమ్‌లో ఒకరికి చేతి గడియారం. సైరన్ మోగినా మోగకపోయినా 12:30కి వాళ్లు పైపు కొడతారు, అందరూ దిగుతారు. ఎవరూ ఫోర్‌మన్ మొహం చూడనక్కర్లేదు.

పైపు కట్టేటప్పుడు ఆ కొత్త హెల్పర్, మీటింగులో మాట పడబోయిన పిల్లవాడు, కొసకు బెజ్జం వేయబోయాడు. "ఆగు తమ్మీ" అని టేపు తీసుకున్నాను. ఒక మీటరు పైపుకు కొస నుంచి 22 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్ల దగ్గర గుర్తు పెట్టాను. పైపు మోగేటప్పుడు రెండు కొసలూ, నడుమూ ఊగుతాయి, కానీ అటూ ఇటూ ఆ రెండు చోట్ల మాత్రం కదలదు. అక్కడ వేలాడదీస్తే తీగ శక్తిని తాగదు. కాయిల్ చల్లటి కొసకు బయాస్ ఇచ్చినట్టే. ముందు కొసకు కట్టి కొట్టించాను, తర్వాత గుర్తు దగ్గర కట్టి కొట్టించాను. తేడా విని, "ఇది నీకు ఎవలు చెప్పిండ్రన్నా?" అని అడిగాడు. "ఐటీఐల చెప్పిండ్రు, నేనే మర్చిపోయిన" అన్నాను.

వాయిస్ మెసేజ్ పెట్టిన తమ్ముడూ, నాకు తెలిసిన జవాబు ఇంతే. డబ్బాలో ఉన్నది పెట్టి నడిపించడం అందరికీ వస్తుంది. అక్కడ అసలు ఏది ఉండాలి, ఎందుకు ఉండాలి అన్నది చదువు. అది పెట్టెలో పెట్టి తాళం వేసేది కాదు. నేను వేశాను, ఆ నలభై నిమిషాలు ఇంకొకడు ఎండలో నిలబడ్డాడు.

ఆ జగిత్యాల తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. మూడో స్లాబ్ మీద పైపు కొట్టేది అతనే. ఒక నిమిషం ముందే కొడతాడు. నేనేమీ అనను.

మీ సైట్‌లో ఇట్లాంటిది ఏదైనా ఉంటే వాయిస్ పెట్టండి. నీళ్లు తాగుతూ ఉండండి. మళ్లీ కలుద్దాం, నమస్తే.